తెల్లవారుజామున మూడింటికి కరెంటు ఎవరిస్తారు? వాతావరణ ఒప్పందాల మీద ఒక డిబేట్‌కి సమాధానం

అమ్మాయ్, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నావు. కాలేజీలో డిబేట్. "అంతర్జాతీయ వాతావరణ ఒప్పందాలను నమ్ముకుని మన దేశం బొగ్గు, చమురు, గ్యాసు వదులుకోవాలా" అన్నది అంశం. చీటీ తీస్తే నీకు "వదులుకోవాలి" అనే పక్షం వచ్చింది. ఇంటికెళ్లి చెబితే మీ నాన్నగారు "అదంతా పెద్ద దేశాల నాటకం, కాళ్ల కింద గ్యాసు పెట్టుకుని మనం వదిలేదేంటి" అని నవ్వేశారు. ఎదుటి పక్షం సంగతి సరే, ముందు నాన్నకి ఏం చెప్పాలో తోచక అడిగావు.

నేను 31 ఏళ్లు కరెంటు పనిలో ఉన్నాను. మొదట సబ్‌స్టేషన్లు, తర్వాత రాజమండ్రి వైపు ఒక గ్యాసు ప్లాంటు కంట్రోల్ రూము. ఇప్పుడు ముమ్మిడివరం దగ్గర రెండెకరాల చేను చూసుకుంటున్నాను. మా మనవరాలి ఈడుదానివి కనక "నువ్వు" అంటున్నాను, ఏమీ అనుకోకు.

మీ నాన్నగారు సగం రైటు. ఆ సగాన్ని వేదిక మీద ముందే ఒప్పేసుకో. ఒప్పుకోకుండా దాచిపెడితే ఎదుటివాళ్లు అదే పట్టుకుని నిన్ను ఉతికి ఆరేస్తారు.

ఒప్పందం అంటే ఏంటో మన వాళ్లకి చెప్పాలంటే ప్రోనోటు కంటే దగ్గర పోలిక నాకు దొరకలేదు. మన వైపు బీరువాలో నాలుగు ప్రోనోట్లు లేని ఇల్లు ఉండదు. నోటు రాసినంత మాత్రాన డబ్బు రాదు, ఎగ్గొట్టేవాడు ఎగ్గొడతాడు. మూడేళ్లలో తిరగరాయించుకోకపోతే కాలదోషం పడుతుంది. అయినా ఎవరూ నోటు లేకుండా అప్పివ్వరు. ఎందుకంటే పెద్దమనుషుల్లో కూర్చుని "ఇదిగో నీ సంతకం" అనడానికి చేతిలో అదొక్కటే ఉంటుంది.

1992లో రియోలో రాసుకున్నది మొదటి నోటు. బాధ్యత అందరిదీ, కానీ అందరికీ సమానంగా కాదు అన్న మాట అందులోదే. ఇవాళ్టికీ మన దేశం ఆ ఒక్క వాక్యం పట్టుకునే బేరమాడుతుంది. 1997 క్యోటోలో దానికి అంకెలు వేశారు, అదీ ధనిక దేశాలకి మాత్రమే. మనకీ చైనాకీ ఏ లెక్కా పెట్టలేదు. అమెరికా సంతకం పెట్టింది గానీ వాళ్ల సెనేట్ ఆమోదం దాకా పోనే లేదు. కెనడా 2011లో లేచి వెళ్లిపోయింది. అడిగే నాథుడు లేడు.

2015 పారిస్‌లో పద్ధతి తిరగేశారు. ఎవరి నోటు వాళ్లే రాసుకోండి, అయిదేళ్లకోసారి చింపేసి ఇంకాస్త పెద్ద మొత్తానికి తిరగరాయండి అన్నారు. రాసినంత చేయకపోతే జరిమానా లేదు, జప్తు లేదు. మీ నాన్నగారు "నాటకం" అన్నది బహుశా దీన్ని చూసే.

ఆ పారిస్ చివరి రోజు కథ ఒకటి చెప్పాలి, డిబేట్‌లో బాగా పండుతుంది. డిసెంబరు 12న ఆఖరి ముసాయిదా బయటికొచ్చింది. ధనిక దేశాలు మొత్తం ఆర్థిక వ్యవస్థకి వర్తించేలా ఉద్గారాల కోత లక్ష్యాలు పెట్టుకుని ముందు నడవాలి అన్న చోట "షల్" అని పడింది. చేసి తీరాలి అని అర్థం. అమెరికా వాళ్ల గుండె ఆగినంత పనైంది. అలా ఉంటే సెనేట్‌కి తీసుకెళ్లాలి, అక్కడ అది బతకదు. గంటల తరబడి మంతనాలయ్యాక వేదిక మీద చిన్న చిన్న అచ్చుతప్పుల దిద్దుబాట్లంటూ ఒక జాబితా చదివారు. ఆ జాబితాలో "షల్" కాస్తా "షుడ్" అయిపోయింది. అంటే చేయడం సమంజసం. అంతే. దస్తావేజులో "ఇవ్వవలెను" కొట్టేసి "ఇవ్వవచ్చును" అని రాస్తే మన ఊళ్లో కర్రలు లేస్తాయి. అక్కడ చప్పట్లు కొట్టారు.

ఇంకో సంగతి. ఆ పారిస్ ఒప్పందం మొత్తం వెతికినా బొగ్గు అన్న మాట కనిపించదు, చమురు కనిపించదు, శిలాజ ఇంధనాలు అన్న పదమే లేదు. సారా మానిపించే ఒప్పందంలో సారా పేరు ఎత్తనట్టు. 2021లో గ్లాస్గోలో జరిగిన వాతావరణ సమావేశంలో మొదటిసారి బొగ్గు పేరు ఎత్తారు, అదీ మన వల్లే వివాదమైంది. "బొగ్గు విద్యుత్తును క్రమంగా ఆపేయడం" అని ఉన్నదాన్ని ఆఖరి గంటలో మన మంత్రి భూపేందర్ యాదవ్ లేచి "క్రమంగా తగ్గించడం" అని మార్పించారు. సభ నడుపుతున్న అలోక్ శర్మ క్షమాపణ చెబుతూ కంటతడి పెట్టుకున్నారు. ప్రపంచమంతా మనల్ని తిట్టింది. నాకు మాత్రం అందులో తప్పు కనిపించలేదు. బొగ్గు మనకి ఎక్కువ, చమురూ గ్యాసూ ధనిక దేశాలకి ఎక్కువ. మన పళ్లెంలో ఉన్న కూర ఒక్కటే చెడ్డదని రాస్తే ఎవరు ఊరుకుంటారు? మరుసటి ఏడు ఈజిప్టులో మన వాళ్లు అన్ని శిలాజ ఇంధనాలనీ తగ్గిద్దాం అని ప్రతిపాదిస్తే అది తుది పత్రంలోకి ఎక్కలేదు. ఈ రెండూ కలిపి చెప్పు. ఒక్క గ్లాస్గో గురించే చెబితే మనం అడ్డుపడే వాళ్లలా కనిపిస్తాం.

2023 దుబాయ్‌లో, ఈ వాతావరణ సమావేశాల్లో 28వదానికి, మొత్తానికి ఆ మాట పడింది. ఇంధన వ్యవస్థల్లో శిలాజ ఇంధనాల నుంచి "న్యాయంగా, క్రమపద్ధతిలో, సమానత్వంతో" దూరంగా జరగడం. 28 సమావేశాలు పట్టాయి రోగం పేరు చీటీ మీద రాయడానికి. 2025లో బ్రెజిల్‌లోని బెలెంలో, ఆ జరగడం ఎలాగో ఒక దారిపటం గీద్దామని 80కి పైగా దేశాలు అడిగినా తుది పత్రంలో అది లేకుండానే ముగించారు.

మరి ఇంత ఓటి నోటు ఎందుకు పనికొస్తుంది? నాకు అర్థమైనంతవరకు ఆ కాగితం భయపెట్టేది ప్రభుత్వాలని కాదు, అప్పులిచ్చేవాళ్లని. నలభై ఏళ్లు నడిస్తే గానీ పెట్టుబడి తిరిగిరాని బొగ్గు ప్లాంటుకి అప్పిచ్చేవాడు, అన్ని దేశాలూ ఒకే వైపు సంతకం పెట్టిన కాగితం చూసి వడ్డీ ఓ పావలా పెంచుతాడు, లేదా మొహం తిప్పుకుంటాడు. సోలార్‌కి ఇచ్చేవాడు తగ్గిస్తాడు. మన దేశంలో 2010లో వేలంలో యూనిట్ 12 రూపాయల దగ్గర పలికిన సోలార్ 2017లో రాజస్థాన్ భడ్లాలో 2 రూపాయల 44 పైసలకి వచ్చింది. దానికి చైనా ఫ్యాక్టరీలు పెద్ద కారణం, ఒప్పందాలు ఒక్కటే కాదు. కానీ అన్ని దేశాలూ ఒకేసారి కొనడానికి సిద్ధపడకపోతే ఆ ఫ్యాక్టరీలు అంత పెద్దవి అయ్యేవి కావు.

ఇక కాళ్ల కింద గ్యాసు.

మీ నాన్నగారి వయసు నాకు తెలీదు, 1995 గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి పేలి మంట లేచింది. 65 రోజులు మండింది. మా మేనత్త వాళ్లది ఆ చుట్టుపక్కల ఊరే. రాత్రిళ్లు పెరట్లో దీపం అక్కర్లేకపోయేది, కోళ్లు గూట్లోకి వెళ్లడానికి తికమకపడేవి అని చెబుతుండేది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా పోయారు. ఆ ఉదయం టీ పెట్టుకోవడానికి అగ్గిపుల్ల గీసిన ఇళ్లు ఉన్నాయక్కడ. గ్యాసు మన కాళ్ల కింద ఉంది అన్నది నిజం. మన చేతిలో ఉందా అన్నది అడగాల్సిన ప్రశ్న.

నేను పనిచేసిన ప్లాంటు సంగతి చెబుతాను. 2009 ఏప్రిల్‌లో కాకినాడ తీరానికి అవతల సముద్రంలో డీ6 క్షేత్రం నుంచి గ్యాసు మొదలైంది. కంట్రోల్ రూములో మిఠాయిలు పంచాం. ఇక మన జిల్లాలకి కరెంటు కోత ఉండదనుకున్నాం. ఆ గ్యాసు భరోసాతో రాజమండ్రి, సామర్లకోట చుట్టూ కొత్త ప్లాంట్లు లేచాయి. 2010 తర్వాత ఒత్తిడి పడిపోవడం మొదలైంది. 2013 మార్చికి విద్యుత్ ప్లాంట్లకి ఆ గ్యాసు సున్నా. ఉన్న కాస్తా ముందు ఎరువులకి, వంటగ్యాసుకి పోయింది. మా టర్బైన్ తుప్పు పట్టకుండా రోజూ మెల్లగా తిప్పి ఆపేవాళ్లం, కట్టేసిన ఎద్దుని గట్టు దాకా నడిపించి తెచ్చినట్టు. సామర్లకోట దగ్గర 2,400 మెగావాట్ల ప్లాంటు ఒకటి కట్టి, గ్యాసు లేక ఒక్క యూనిట్ అమ్మకుండానే నిలిచిపోయింది. దేశం మొత్తం మీద 20 వేల మెగావాట్లకి పైగా గ్యాసు ప్లాంట్లు ఉన్నాయి, ఎక్కువ రోజులు చాలామటుకు ఖాళీగానే ఉంటాయి.

ఆ ప్లాంట్లని మూయించింది పారిస్ కాదు, గ్లాస్గో కాదు. ఇది నీకు వేదిక మీద బంగారం లాంటి మాట. "శిలాజ ఇంధనాలు వదులుకుంటే కరెంటు పోతుంది" అని ఎదుటి పక్షం అన్నప్పుడు, మన గోదావరి జిల్లాల్లో ఏ ఒప్పందమూ అడగకుండానే అవి మనల్ని వదిలేశాయని చెప్పు. ముడిచమురులో 85 శాతానికి పైగా, వంటగ్యాసులో సగానికి పైగా మనం బయటి నుంచే కొంటున్నాం. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ రావులపాలెం బంకులో రేటు మారుతుంది.

దుబాయ్ పత్రంలోనే ఒక కిటికీ తెరిచి ఉంచారు, అదీ తెలుసుకో. "పరివర్తన ఇంధనాలు" ఈ మార్పులో పాత్ర పోషించవచ్చు అని ఒక పేరా ఉంది. పేరు చెప్పలేదు గానీ అది గ్యాసు కోసమే రాసిందని అందరికీ తెలుసు. ఎదుటి పక్షం తెలివైనదైతే దాన్ని ఎత్తుతుంది. నేను గ్యాసు ప్లాంటు మనిషిని, ఆ పేరాని పూర్తిగా కొట్టిపారేయలేను. యూనిట్‌కి బొగ్గు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వదిలితే మంచి గ్యాసు ప్లాంటు అందులో సగం కంటే తక్కువే వదులుతుంది. పైగా త్వరగా మొదలవుతుంది, త్వరగా ఆగుతుంది. బొగ్గు ప్లాంటుని 55 శాతం కంటే కిందికి దించాలంటే ఇంజనీర్లు గుండె పట్టుకుంటారు. సాయంత్రం సోలార్ పడిపోయి ఇళ్లలో లైట్లు వెలిగే రెండు మూడు గంటలకి గ్యాసు చాలా మంచి పనివాడు. కాకపోతే పైపుల్లో, బావుల దగ్గర కారిపోయే మీథేన్ లెక్కలోకి తీసుకుంటే ఆ మంచితనం కొంత కరిగిపోతుంది.

అసలు చిక్కు రాత్రిలో ఉంది. అది అర్థం కావాలంటే మా బావమరిది చెరువు దగ్గరికి రావాలి.

కాట్రేనికోన వైపు రెండెకరాల వనామీ రొయ్యల చెరువు. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి నన్ను లేపి తీసుకెళ్లాడు. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు నాలుగు తిరుగుతున్నాయి, ఒక్కోటి రెండు హెచ్‌పీ. తెల్లటి నురుగు, చెవులు చిల్లులు పడే మోత. వాడు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు ముంచి టార్చి వేసి చూపించాడు. పగలు నీళ్లలోని పాచి ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దు గూకాక ఆ పాచీ పీల్చుకుంటుంది, రొయ్యా పీల్చుకుంటుంది. తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళ కరెంటు పోతే రొయ్యలు గట్టు పక్కకి, నీటి పైకి వచ్చేస్తాయి. అప్పుడు జనరేటర్ తాడు లాగడం ఒక్క నిమిషం ఆలస్యమైనా మా వాడి చేతులు వణుకుతాయి. ఆరు లక్షలో ఏడు లక్షలో నీళ్లలో ఉంటాయి మరి.

లెక్క వేసుకో. నాలుగు ఏరేటర్లు కలిపి ఆరు కిలోవాట్లు అనుకుందాం. రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 48 యూనిట్లు. మన దేశపు గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సగటున 700 గ్రాములకి కాస్త పైన కార్బన్ డయాక్సైడ్. అంటే ఒక చెరువుకి ఒక రాత్రి దాదాపు 35 కిలోలు. డీజిల్ జనరేటర్ మీద నడిపితే ఇంకా ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. భీమవరం నుంచి కాట్రేనికోన దాకా ఇలాంటి చెరువులు ఎన్నున్నాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

మన దేశం 2030 నాటికి స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరం చేస్తానని నోటు రాసింది. 2025 జూన్‌కే చేసేసింది, అయిదేళ్లు ముందు. గొప్పే. కానీ స్థాపిత సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. డాబా మీద ఎన్ని పలకలు బిగించామన్నది మొదటిది. మీటరులో ఎన్ని యూనిట్లు తిరిగాయన్నది రెండోది. యూనిట్ల లెక్కలో బొగ్గు వాటా ఇప్పటికీ 70 శాతం దగ్గర ఉంది. ఎదుటివాళ్లు ఈ రెండు అంకెలనీ ఎదురెదురుగా పెట్టి "ఇదీ మీ సగం" అంటారు. నువ్వే ముందు చెప్పెయ్, కారణంతో సహా. సూర్యుడు ఆరింటికి దిగిపోతాడు, రొయ్యకి మూడింటికి ఊపిరి కావాలి. ఆ మధ్య తొమ్మిది గంటలే ఈ డిబేట్ అంతా.

ఆ తొమ్మిది గంటలకి మార్గాలు లేకపోలేదు. బ్యాటరీలు ఒకటి. పగటి సోలార్‌తో నీళ్లు కొండ మీదికి ఎత్తి రాత్రి టర్బైన్ల మీదుగా వదిలే పంప్డ్ స్టోరేజీ ఇంకోటి. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్లకి అలాంటిది తలపెట్టారు. సీలేరు అనగానే దాళ్వా (రబీ వరి) రైతు చెవులు నిక్కబొడుచుకుంటాడు. గోదావరి అడుగంటిన వేసవిలో మన దాళ్వాని గట్టెక్కించేవి ఆ నీళ్లే కదా. భయపడక్కర్లేదు, ఇందులో అవే నీళ్లు పైకీ కిందికీ తిరుగుతాయి, తాగేసేది ఏమీ ఉండదు. అయినా ఊళ్లోవాళ్లకి ముందుగా ఈ సంగతి చెప్పి ఒప్పించకపోతే ఎప్పుడో ఒకరోజు కాలువగట్టు మీద గొడవ అవుతుంది.

ఇవన్నీ డబ్బుతో పని. ఇక్కడ ప్రోనోటు బయటికి తీయాలి. 2009లో కోపెన్‌హేగన్‌లో ధనిక దేశాలు 2020 కల్లా ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. వాళ్ల లెక్క ప్రకారమే అది 2022లో గానీ చేరలేదు. ప్రభుత్వాల నుంచి వచ్చినదాంట్లో ఎక్కువ భాగం అప్పులే. బాకీ తీర్చమంటే మనకే కొత్త అప్పు అంటగట్టినట్టు. 2024లో బాకూలో పేద దేశాలు ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగితే, 2035 నాటికి 30,000 కోట్లు అని రాసి సుత్తి కొట్టేశారు. మన ప్రతినిధి చాందినీ రైనా ఆ పత్రాన్ని కంటికి కనికట్టు అన్నారు. మాట్లాడతామని ముందే చెప్పినా అవకాశం ఇవ్వకుండా ఆమోదించారని సభలోనే నిలదీశారు.

అమెరికా సంగతి వేరే చెప్పాలా. 2020లో పారిస్ నుంచి బయటికి, 2021లో లోపలికి, 2025 జనవరిలో మళ్లీ బయటికని సంతకం. ఇప్పటిదాకా గాల్లోకి వెళ్లిన శిలాజ కార్బన్‌లో నాలుగో వంతు వాళ్లదే. ఇవాళ్టికీ ఒక్కో అమెరికన్ వాటా ఏడాదికి దాదాపు 14 టన్నులు, మనది 2 టన్నులు. కానీ అమ్మాయ్, ఇక్కడ జాగ్రత్త. మొత్తం లెక్కలో మన దేశం ప్రపంచంలో మూడోది. "వాళ్లు తిన్నారు కాబట్టి మేమూ తింటాం" అన్న వాదనకి చప్పట్లు పడతాయి గానీ, కాట్రేనికోనలో సముద్రం పక్కన ఉన్నది మనం. పాత బాకీ వసూలు చేసుకోవడానికి ఆ అంకెలు వాడు, కొత్త బొగ్గు ప్లాంటుకి సాకుగా వాడకు.

డిబేట్‌లో ఎవరూ ఎత్తని సంగతి ఒకటి మన చేలోనే ఉంది. వరి. నీళ్లు నిలవగట్టిన మడిలో గాలాడక బురదలోని సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే ఒక కిలో మీథేన్ 80 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడి పుట్టిస్తుంది. గ్లాస్గోలోనే 2030 నాటికి మీథేన్ 30 శాతం తగ్గిస్తామని ఒక ప్రతిజ్ఞ పెట్టారు. ఇప్పటికి 150కి పైగా దేశాలు చేరాయి. మనం చేరలేదు. మా మీథేన్ వరి మడిదీ పాడి పశువుదీ, చిన్న రైతు బతుకుతెరువుది, విలాసానిది కాదు అన్నది ప్రభుత్వం వాదన. న్యాయమైన వాదనే.

అయినా తగ్గించే దారి ఉంది, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పోయిన దాళ్వాలో నా రెండెకరాల్లో చేశాను. అడుగు పొడవు పీవీసీ గొట్టం, కింది భాగానికి చుట్టూ చిల్లులు పొడిచి, మడిలో ముప్పాతిక వంతు దిగేసి, లోపలి మట్టి తీసేశాను. గొట్టంలోకి చూస్తే నేల కింద నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో తెలుస్తుంది. నేలకి ఆరంగుళాల కిందికి దిగేదాకా నీళ్లు పెట్టను. దిగాక రెండంగుళాలు పెడతాను. నాటిన మొదటి రెండు వారాలు, మళ్లీ ఈనిక ముందూ వెనకా మాత్రం నీళ్లు నిలవ ఉంచాలి. ఇలా చేస్తే మీథేన్ సగం దాకా, నీళ్లు నాలుగో వంతు దాకా తగ్గుతాయని వరి పరిశోధకులు చెబుతారు. దిగుబడి నాకు తగ్గలేదు. వంతులవారీ పెట్టిన ఏడు డెల్టా చివరి రైతులు చేసేది ఇంచుమించు ఇదే, కాకపోతే వాళ్లు తిట్టుకుంటూ చేస్తారు.

సార్వాలో, అంటే వానాకాలం పంటలో మాత్రం ఇది కుదరదు. మన చేలకి నీళ్లు ఒక చేను మీంచి ఇంకో చేలోకి పారతాయి. పై రైతు వదిలితే నేను వద్దన్నా నా మడి నిండుతుంది. బోదెలు, మురుగు కాలువలు బాగుంటే తప్ప నీళ్లు మన మాట వినవు. 2011లో కోనసీమ రైతులు లక్ష ఎకరాల దాకా పంట విరామం ప్రకటించినప్పుడు అడిగిన వాటిలో మురుగు కాలువల బాగుచేత కూడా ఉంది. ఇంకోటి, ఈ మీథేన్ తగ్గించినందుకు కార్బన్ క్రెడిట్ డబ్బులంటూ కంపెనీల వాళ్లు తిరుగుతున్నారు. ఆ డబ్బు ఎవరికి వెళ్తుంది? గొట్టం దిగేసి రోజూ వంగి చూసేది కౌలు రైతు. పాసుపుస్తకం ఉన్నది హైదరాబాద్‌లో ఉన్న ఆసామికి. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకున్న కౌలులో కార్బన్ ఎవరి వాటా అన్నది ఎక్కడా రాసి లేదు. "న్యాయంగా" అని దుబాయ్‌లో రాసిన మాట మన ఊళ్లోకి వచ్చేసరికి ఈ ప్రశ్నగా మారుతుంది. న్యాయనిర్ణేతల్లో ఒక్కరైనా వ్యవసాయం తెలిసినవాళ్లుంటే ఇది చెప్పు, తలెత్తి చూస్తారు.

సముద్రం గురించి తక్కువ మాట్లాడు. ఉప్పాడ కొట్టుకుపోతోంది, అంతర్వేది దగ్గర తీరం లోపలికి వస్తోంది, 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరి నేలమట్టమైంది అని చెప్పి ప్రతిదాన్నీ వాతావరణ మార్పు ఖాతాలో వేయకు. గోదావరి తెచ్చే ఒండ్రు 1970ల నాటితో పోలిస్తే సగానికి పైగా తగ్గిపోయింది, ఎగువ కట్టిన ఆనకట్టల్లో ఆగిపోయి. ఒండ్రు రాకపోతే డెల్టా దానంతట అదే కుంగుతుంది. మంచి విద్యార్థి ఎవరైనా ఇది అడిగితే నీ వాదన మొత్తం వెలవెలబోతుంది. సముద్రం పైకి లేస్తోంది, నేల కిందికి దిగుతోంది, రెండూ నిజమే అను. 2022లో నష్టపరిహార నిధి ఒకటి పెడతామన్నారు, మరుసటి ఏడు దుబాయ్‌లో దానికి పడిన హామీలు 70 కోట్ల డాలర్ల చుట్టూ. ప్రపంచం మొత్తానికి. ఉప్పాడలో ఇల్లు పోయిన మత్స్యకారుడి దాకా అందులో ఎంత చేరుతుందో వాళ్లనే లెక్క కట్టమను.

"నికర ఉద్గారాలు సున్నా చేయడానికి మనకి 2070 దాకా టైముంది కదా" అని ఎవరైనా అంటే, ఇవాళ కట్టే బొగ్గు ప్లాంటు 2065 దాకా నడవాలని కడుతున్నారని చెప్పు. "సోలార్ పలకలు చైనావి, ఒక బానిసత్వం వదిలి ఇంకోటా" అంటే ఒప్పుకో. కానీ పలక ఒకసారి కొంటే పాతికేళ్లు, డీజిల్ రోజూ కొనాలి. కాకినాడలో గ్యాసుతో యూరియా చేసిన చోటే ఇప్పుడు సోలార్, గాలి కరెంటుతో గ్రీన్ అమ్మోనియా చేయడానికి ప్లాంటు వస్తోంది. కొనేది ఎక్కువగా యూరప్ వాళ్లు, ఎందుకంటే అక్కడ కార్బన్ ఎక్కువున్న ఎరువు, ఉక్కు, సిమెంటు మీద 2026 నుంచి సరిహద్దు పన్ను పడుతోంది. చూశావా, నోటు చెల్లకపోయినా సరుకు రేటులోకి ఎలా దూరుతుందో. దీన్ని మన ప్రభుత్వం వ్యతిరేకిస్తోంది, దానిలోనూ న్యాయముంది, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

మీ నాన్నగారితో వాదించకు. ఆయనకి ఒక పని అప్పజెప్పు. ఇంటి మీద సోలార్‌కి పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. మన వైపు చిక్కంతా కొబ్బరిచెట్ల నీడతోనే. పలక మీద ఒక మూల మట్ట నీడ పడినా ఆ వరస మొత్తం మందగిస్తుంది. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడింటికి డాబా మీద నీడ ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీతలు గీయమను. గీతల బయట 300 చదరపు అడుగులు మిగిలితే నాకు రాయండి, మిగతా కాగితాల పని ఎలాగో చెబుతాను. జనవరిలో ఇంకోసారి గీయించు, అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, నీడలు మారిపోతాయి.